దారిలో పట్టని బండి

ఫోర్డ్ రాప్టర్ ట్రక్కు ముఖాన, గ్రిల్ మధ్యలో మూడు చిన్న నారింజ రంగు దీపాలు వరసగా వెలుగుతుంటాయి. చూసేవాళ్లకు అదో సింగారం. పెట్టించింది మాత్రం చట్టం. అమెరికాలో 80 అంగుళాలు, ఆపైన వెడల్పున్న ప్రతి బండికీ ముందు మూడు, వెనక మూడు గుర్తు దీపాలు ఉండి తీరాలి. ఎదురుగా వచ్చేది పెద్ద బండి, జాగ్రత్త అని చీకట్లో చెప్పడానికి. మామూలు ఎఫ్-150 పికప్ వెడల్పు 79.9 అంగుళాలు. గీత దాటకుండా ఎంత ఒద్దికగా కొలుచుకున్నారో చూడండి! రాప్టర్ ఆ ఒద్దికను వదిలేసి 86 అంగుళాలు దాటింది, దీపాలు తగిలించుకుంది. ఇంకేం, ఆ దీపాలే హోదా అయి కూర్చున్నాయి. చట్టం అడగని సన్న ట్రక్కుల వాళ్లు కూడా బజార్లో అలాంటివి కొని గ్రిల్లుకు బిగించుకుంటున్నారు.

ఇంత వెడల్పు బండ్లను సెలవు రోజున ఎక్కడికి తీసుకెళ్తారయ్యా అంటే, ఇరుకు దారులు వెతుక్కుని మరీ అక్కడికి.

కొలరాడోలో టెల్యురైడ్ అనే ఊరి నెత్తిన బ్లాక్ బేర్ పాస్ ఉంది. పైన ఎత్తు 12,840 అడుగులు. అక్కణ్నుంచి ఊరివైపు దిగే కొండదారి ఒకవైపే నడుస్తుంది. దిగడమే తప్ప ఎదురెక్కడానికి వీల్లేదు. ఒకపక్క రాతిగోడ, ఇంకోపక్క లోయ, మధ్యలో మడతలు పడ్డ మలుపులు. పొట్టి జీపు ఆ మలుపుల్లో పెద్దగా తంటాలు పడకుండా తిరిగిపోతుంది. పొడవాటి పికప్ తిరగదు. కాస్త ముందుకు, కాస్త వెనక్కి, మళ్లీ ముందుకు. ప్రతిసారీ ముక్కు లోయ మీదికి చాస్తుంది. బానెట్ అవతల నేల ఉందో లేదో లోపల కూచున్నవాడికి కనిపించదు. పొడవు బండ్లతో ఇటు రావొద్దని దారి తెలిసినవాళ్లు ముందే చెప్తారు. అయినా వస్తారు.

కొలతలు చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. నాలుగు తలుపుల ఎఫ్-150 పొడవు దాదాపు 19 అడుగులు. మన ఇన్నోవా క్రిస్టా పదిహేనున్నర. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసే పల్లె రోడ్డుకు తారు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు. దాని మీద రెండు రాప్టర్లు ఎదురుపడితే ఒకటి పొలంలోకి దిగాల్సిందే. వెడల్పు సంగతి అలా ఉంటే, పొడవు తెచ్చే చిక్కు మరొకటి. ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు మధ్య దూరం ఎంత ఎక్కువైతే, గుట్ట లాంటి మిట్ట ఎక్కి దిగేటప్పుడు బండి కడుపు అంత త్వరగా నేలకు ఆనుతుంది. నేలకు 10 అంగుళాల ఎత్తున్న రెండు బండ్లు తీసుకోండి. రెండు తలుపుల జీపులో ఆ దూరం 97 అంగుళాలు. అది 23 డిగ్రీల మిట్టను దాటుతుంది. నాలుగు తలుపుల పికప్‌లో 145 అంగుళాలు. అది 16 డిగ్రీల దగ్గరే కడుపు ఆనించి ఆగిపోతుంది. ఎత్తు ఒకటే, పొడవు చేసిన తేడా అది.

మరి ఇంత తెలిసీ ఈ బండే ఎందుకు? చిన్న జీపు కొనుక్కోవచ్చుగా?

జవాబు అడవిలో దొరకదు. ఆ బండి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏం చేస్తుందో చూడాలి. తొట్టిలో ఇటుకలు, గడ్డిమోపులు, ప్లంబింగ్ పైపులు. వెనక కొక్కేనికి పడవ తగిలించిన ట్రైలరో, గుర్రాలను ఎక్కించిన పెట్టో. పిల్లల్ని బడి దగ్గర దించేదీ అదే, ఇల్లు మారితే సామాను మోసేదీ అదే. అమెరికాలో 1977 నుంచి అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడవుతున్న ట్రక్కు ఫోర్డ్ ఎఫ్ శ్రేణే. షెవర్లే సిల్వరాడో, జీఎంసీ సియెరా, రామ్ కూడా ఇదే కోవలోవి, అక్కడివాళ్లు ఫుల్‌సైజ్ అనే జాతి. టెక్సస్‌లో స్థిరపడిన మనవాళ్లకు ఈ బండ్లు కొత్త కాదు. పక్కింటి గరాజ్‌లో పట్టక వాకిట్లోనే ఆపి ఉంటాయి. ఈ ఆటంతా పుట్టింది ఆ వాకిట్లోనే. ఆట కోసం బండి కొనడం తర్వాత వచ్చిన మాట. మొదటివాళ్లు చేసింది, ఇంట్లో ఉన్న పనిబండిని ఆదివారం కొండకు తోలడం. అది ఆ పనికి తగిన బండి కాదని వాళ్లకూ తెలుసు.

కోడి పెట్టిన సుంకం

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పికప్ మొదట్లో షోరూములో దొరికేది కాదు. ఫోర్డ్ ట్రక్కు కొన్నవాడు దాన్ని ఇండియానాపోలిస్‌లోని మార్మన్-హెరింగ్టన్ కంపెనీ చేత మార్పించుకోవాలి. 1930ల మధ్య నుంచి ఆ కంపెనీ చేసిన పని అది. షెవర్లే, జీఎంసీ ట్రక్కులకు మినియాపోలిస్‌లోని నాప్కో అనే సంస్థ ముందు ఇరుసు, ట్రాన్స్‌ఫర్ కేసు, వాటి సరంజామా కలిపి కిట్టుగా అమ్మేది. 1957లో షెవర్లే ఆ నాప్కో సామానునే ఫ్యాక్టరీలో బిగించి ఇవ్వడం మొదలెట్టింది. 1959లో ఫోర్డ్ సొంతంగా ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ తెచ్చింది. డాడ్జ్ ఇంకో దారిన వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి ముప్పావు టన్ను ట్రక్కులు చేసిచ్చిన ఆ కంపెనీ, వాటి ఎముకల మీదే 1946లో పవర్ వాగన్ పేరుతో పౌరుల బండి నిలబెట్టింది. రంగులు దిద్దిన సైనికుడిలా ఉండేది అది. వేగం లేదు, సుఖం లేదు, మొండితనం మాత్రం మెండు. మార్పులు చేయించడాన్ని ఈ బండికి ఈమధ్య అంటిన షోకు అనుకునేవాళ్లు ఈ వరస గుర్తుపెట్టుకోవాలి. ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ పుట్టిందే ఒక మాడిఫికేషన్‌గా.

ఈ జాతి ఇంత నిఖార్సైన అమెరికన్‌గా మిగిలిపోవడానికి మాత్రం కారణం కోడి. 1960ల మొదట్లో చౌక అమెరికా కోళ్లు తమ మార్కెట్‌ను ముంచెత్తుతున్నాయని ఐరోపా దేశాలు సుంకం పెంచాయి. దానికి ప్రతీకారంగా అమెరికా 1964 నుంచి బ్రాందీ, బంగాళదుంప పిండి, డెక్స్‌ట్రిన్, తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కాలక్రమంలో మిగతావాటి మీద తీసేశారు. ట్రక్కు మీద మాత్రం అలాగే ఉండిపోయింది. బయటి కంపెనీలు అక్కడే ఫ్యాక్టరీ పెట్టి తయారు చేస్తే తప్ప పోటీకి రాలేని పరిస్థితి. పోటీ తగ్గింది, ట్రక్కు పెరిగింది.

సెయింట్ లూయిస్ పాఠం

1974 ప్రాంతంలో మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్ దగ్గర బాబ్ చాండ్లర్ అనే ఆయన ఫోర్‌వీల్ డ్రైవ్ విడిభాగాల దుకాణం తెరిచాడు. తన ఎఫ్-250కి సామాను ఆ చుట్టుపక్కల దొరకడం లేదు. తనలా ఇబ్బంది పడేవాళ్లు ఇంకా ఉంటారని లెక్క కట్టాడు. తన నీలం రంగు ట్రక్కే దుకాణానికి బోర్డు. దాన్ని వారాంతం బురదలోకి తోలేవాడు, ఏదో ఒకటి విరగ్గొట్టుకుని వచ్చేవాడు. విరిగిన చోట అంతకంటే గట్టిది వేసేవాడు. గట్టిది వేశాక ఇంకా పెద్ద టైర్లు వేయాలనిపించేది. పెద్ద టైర్లు మళ్లీ ఇరుసును విరిచేవి. చివరికి ఈ వరస సైన్యం వదిలించుకున్న ఐదు టన్నుల ట్రక్కుల ఇరుసుల దాకా వెళ్లింది. యాక్సిలరేటర్‌ను మరీ మొరటుగా తొక్కే ఆయన పాదం వల్లే ఇన్ని విరుగుతున్నాయని దుకాణం మేనేజరు వేళాకోళమాడాడు. ఆ వేళాకోళమే బండి పేరైంది: బిగ్‌ఫుట్.

1981లో ఒక పొలంలో రెండు పాత కార్లను పెట్టి, వాటి మీదుగా ట్రక్కును నడిపి వీడియో తీశారు. దుకాణంలో ఆ వీడియో చూసిన నిర్వాహకుడొకరు అదే పని జనం ముందు చేయమన్నాడు. అలా మాన్‌స్టర్ ట్రక్కు అనే సర్కస్ పుట్టింది. ఆ మరుసటేడు డెట్రాయిట్ దగ్గరి సిల్వర్‌డోమ్ స్టేడియంలో 66 అంగుళాల టైర్లతో దిగిన బండిని జనం వెర్రెత్తిపోయి చూశారు. 1986 నాటి బిగ్‌ఫుట్ 5కి వేసిన టైర్లు పదడుగుల ఎత్తు. సైన్యం ఒకప్పుడు దారుల్లేని చోట సరుకు మోయడానికి చేయించిన నేలరైలు తాలూకువి అవి.

స్టేడియం గోల నాకు పెద్దగా రుచించదు. దారి మీద నడిచే అవసరం పోయిన బండికి ఎంత పెద్ద టైరైనా వేయొచ్చు, అందులో తర్కం ఏముంది? చాండ్లర్ విధానం మాత్రం వేరే సంగతి. విరగ్గొట్టు, ఎందుకు విరిగిందో చూడు, జంక్‌యార్డులో దానికంటే ఒక మెట్టు పై బండి భాగం వెతుకు. ఇవాళ్టికీ ఇంటి వెనక షెడ్డులో ట్రక్కును కట్టుకునేవాడి చదువంతా ఇంతే. వాళ్ల మాటల్లో కంపెనీల పేర్లకంటే ఇరుసుల పేర్లే ఎక్కువ దొర్లుతాయి. 1978, 79 ఫోర్డ్ ఒక టన్ను ట్రక్కుల కింద ఉన్న కింగ్‌పిన్ రకం డానా 60 ముందు ఇరుసు, 1973 నుంచి జనరల్ మోటార్స్ భారీ పికప్‌ల వెనక వచ్చిన 14 బోల్టుల ఇరుసు. మన ఆటోనగర్లో లేలాండ్ హౌసింగ్ గురించి మేస్త్రీలు మాట్లాడుకునే గౌరవం వాటికి అక్కడ దక్కుతుంది.

కౌపీన సంరక్షణార్థం

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని తెచ్చాడు. పిల్లికి పాల కోసం ఆవు, ఆవుకు మేత కోసం పొలం, పొలం చూసుకోవడానికి పెళ్లాం. పికప్‌కు పెద్ద టైరు వేయడం అచ్చంగా ఆ కథే.

కంపెనీ ఇచ్చిన టైరు ఎత్తు 32 అంగుళాలనుకుందాం. యజమాని 37 అంగుళాలవి తెచ్చాడు. స్టీరింగ్ తిప్పగానే అవి మడ్‌గార్డుకు గీసుకుంటాయి. కాబట్టి బండిని ఎత్తాలి. చవకైన పద్ధతిలో చాసిస్‌కు, పైనున్న బాడీకి మధ్య దిమ్మలు పెట్టి బాడీని మాత్రం లేపుతారు. ఖరీదైన పద్ధతిలో కమాన్లు, స్ప్రింగులు, షాకబ్జర్లు మార్చి చాసిస్‌తో సహా పైకి తెస్తారు. ఇక్కడ చాలామంది బోల్తాపడే లెక్క ఒకటుంది. ఆరంగుళాలు ఎత్తాక బండి కింద ఆరంగుళాల ఖాళీ పెరిగిందనుకుంటారు. చాసిస్ కింద పెరుగుతుంది, నిజమే. కానీ రాయికి ముందుగా తగిలేది చాసిస్ కాదు. ఇరుసు మధ్యలో క్రౌన్, పినియన్ ఉండే డిఫరెన్షియల్ బుర్ర. అది టైరుతోపాటే లేస్తుంది తప్ప లిఫ్టు కిట్టుతో లేవదు. టైరు ఐదంగుళాలు పెరిగితే అది లేచేది రెండున్నర. అంతంత డబ్బు పోసి చేసిన లిఫ్టు పెద్ద టైరుకు చోటు చూపించడానికి, బండి కడుపు కాస్త పైకి జరగడానికి. అంతే.

ఎత్తిన బండిలో గేరుబాక్సు పైకి పోయింది, ఇరుసు కిందే ఉంది. మధ్యలో తిరిగే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఇప్పుడు మరింత ఏటవాలుగా తిరగాలి. క్రాస్ జాయింట్లు వణుకుతాయి, అరుగుతాయి. దానికో విరుగుడు. స్టీరింగ్ రాడ్ల కోణం మారింది. దానికో విరుగుడు. ముందు ఇరుసును పక్కకు జరక్కుండా పట్టి ఉంచే ట్రాక్ బార్ కోణం కూడా మారింది. దాని బుష్షులు కాస్త లూజైనా, కొలతలు కాస్త తప్పినా, హైవే మీద చిన్న అతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ పిచ్చెక్కినట్టు కొట్టుకోవడం మొదలెడతాయి. అక్కడివాళ్లు దీన్ని చావు వణుకు అంటారు. ఒక్కసారి చూసినవాడు ఆ పేరు మీద వాదన పెట్టుకోడు. బండి దాదాపు ఆగేదాకా ఆ వణుకు తగ్గదు.

ఇప్పుడు గేర్ల సంగతి. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. స్పీడోమీటరు 60 మైళ్లు చూపిస్తుంటే బండి నిజానికి 69 మీద ఉంటుంది. పోలీసుకు ఆ సంగతి చెప్తే నవ్వుతాడు. అంతకంటే పెద్ద నష్టం, ఇంజను లాగలేక మూలగడం. ఇరుసులో క్రౌన్ పినియన్ నిష్పత్తి 3.55 అయితే, పాత లాగుడు తిరిగి రావడానికే 4.10 కావాలి. టైరు బరువు, స్టీలు బంపరు, దిగబడ్డ బండిని లాగే విన్చి, సామాను పెట్టె కలిపి చూసుకుంటే చాలామంది 4.56కి పోతారు. ఇది వెనక ఒక్కదానికే మారిస్తే చాలదు. ముందు ఇరుసులోనూ అదే నిష్పత్తి ఉండాలి, లేకుంటే ఫోర్‌వీల్ వేయగానే రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి. బరువైన టైరును ఆపడానికి పాత బ్రేకులు చాలవు. చివరాఖరికి స్టెప్నీ తొట్టి కింద పట్టదు. దాన్ని తొట్టిలో నిలబెడితే సామానుకు చోటు పోయింది. పనిబండి పని ఆ రోజుతో సగం అయిపోయింది.

ఎఫ్-150 విషయంలో ఫోర్డ్ 1980లో, షెవర్లే 1988లో ఫోర్‌వీల్ పికప్ ముందు చక్రాలను విడివిడిగా ఆడే ఏర్పాటుకు మార్చాయి. రోడ్డు మీద అది హాయి. బండల మీద తోలేవాళ్లు మాత్రం అసలు గొడవంతా అక్కడే అని నమ్ముతారు. పాతకాలపు ఒకే కడ్డీ ఇరుసులో ఒక చక్రం రాయెక్కితే రెండోది తనంతట తాను కిందికి నొక్కుకుంటుంది. అందుకే ఆ కొత్త ఏర్పాటంతా కోసి పారేసి, జంక్‌యార్డు డానా 60ని కింద వెల్డింగ్ చేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500 లాంటి భారీ బండ్లకు ఇప్పటికీ ఆ పాతరకం ఇరుసే.

నన్నడిగితే ఈ జాబితా అంతటిలో పెట్టిన డబ్బుకు పూర్తి విలువ ఇచ్చేది లాకర్ ఒక్కటే. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం గాల్లోకి లేస్తే ఇంజను బలమంతా ఆ చక్రాన్ని వట్టినే తిప్పడానికి పోతుంది, నేల మీదున్న చక్రం చేతులు కట్టుకుని చూస్తుంది. లాకర్ రెండింటినీ బిగించి ఒకే వేగంతో తిప్పిస్తుంది. 2005లో మళ్లీ వచ్చిన పవర్ వాగన్‌కు ముందూ వెనకా లాకర్లు, ముందు చక్రాలు స్వేచ్ఛగా వేలాడేందుకు మీట నొక్కితే విడిపోయే స్వే బార్, బంపర్లో 12,000 పౌండ్ల విన్చి కంపెనీయే ఇచ్చింది. చూడ్డానికి మాత్రం అంత ఎత్తు ఉండదు. ఎత్తు చూసి మురిసిపోయేవాళ్లకు ఆ బండి నచ్చదు.

ఎడారిలో వేరే లెక్క

ఇదంతా రాళ్ల మీద నిదానంగా పాకే బండి కథ. కాలిఫోర్నియా దక్షిణాన సరిహద్దు దాటితే లెక్క తలకిందులవుతుంది. మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో 1967లో మొదలైన పరుగుపందెం తర్వాత బాహా 1000గా పేరుపడింది. మొదటి ఏడాది గెలిచింది ట్రక్కు కాదు, మేయర్స్ మాంక్స్ అనే చిన్న బగ్గీ. గెలవడానికి 27 గంటలు దాటి పట్టింది. తర్వాత ట్రక్కులు వచ్చి ఎడారిని ఆక్రమించాయి. 1994లో పెట్టిన ట్రోఫీ ట్రక్కు తరగతిలో బండి బయటికి పికప్‌లా కనిపిస్తుంది, లోపలంతా గొట్టాల పంజరం. చక్రం పైకీ కిందికీ రెండడుగుల పైచిలుకు ఆడుతుంది. విచిత్రం ఏమిటంటే, చాలా ఏళ్లు ఆ బండ్లలో ఎక్కువ భాగానికి ఫోర్‌వీల్ డ్రైవే లేదు. వెనక చక్రాల బలంతోనే ఎడారిని దున్నేశాయి. వేగంలో కావాల్సింది పట్టు కంటే దెబ్బను మింగే షాకబ్జరు.

పందేనికి ముందు దారి చూసిరావడానికి జట్లు వాడే ట్రక్కును ప్రీరన్నర్ అంటారు. ముందు రెక్కలు ఉబ్బి, చక్రాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ రూపం మీద జనానికున్న మోజును షోరూములో అమ్మకానికి పెట్టినదే రాప్టర్. 2008 నవంబరులో దాని పందెం రూపం బాహా 1000లో పరుగెత్తింది, 2010 మోడల్‌గా బజార్లోకి వచ్చింది. ఫాక్స్ కంపెనీ షాకబ్జర్లు, ముందు 11.2, వెనక 12.1 అంగుళాల చక్రం ఆట. 2017 నాటికి అవి 13.0, 13.9 అయ్యాయి. 2021 మోడల్‌గా రామ్ 702 హార్స్‌పవర్‌తో టీఆర్‌ఎక్స్ దించితే, రెండేళ్లకు ఫోర్డ్ 700 హార్స్‌పవర్ రాప్టర్ ఆర్‌తో బదులిచ్చింది. చాండ్లర్ ఏళ్ల తరబడి విరగ్గొట్టి నేర్చుకున్నదాన్ని ఇప్పుడు వాయిదాల మీద ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఇదే ఎడారి చెట్టుకు ఓ వంకరకొమ్మ కూడా ఉంది. ఎగిరి దూకే బండి మొదట వెనక చక్రాల మీద దిగాలని పందెం బండ్ల ముక్కును కాస్త ఎత్తి పెట్టేవారు. ఆ చూపు ఒక్కటే పట్టుకుని, ఎడారి మొహం చూడని కుర్రాళ్లు కరోలైనా రాష్ట్రాల్లో ట్రక్కు ముందు భాగాన్ని ఆకాశానికి ఎత్తి, వెనక భాగాన్ని నేలకు అదిమేశారు. తోలేవాడికి బానెట్ తప్ప రోడ్డు కనిపించదు. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లల్లోకి. ముందు రెక్క వెనకదానికంటే నాలుగంగుళాలు, ఆపైన ఎత్తుండకూడదని నార్త్ కరోలైనా 2021 డిసెంబరు 1 నుంచి నిషేధం పెట్టింది. ఇలాంటి ట్రక్కు ప్రమాదంలో ప్రాణం పోయాక 2022లో వర్జీనియా అదే బాట పట్టింది.

తోలడమంటే

రాళ్లదారి మొదట్లో బండ్లన్నీ వరసగా ఆగితే కొత్తవాడు వింతగా చూసేది ఒకటుంది. అందరూ దిగి టైర్లలో గాలి తీసేస్తుంటారు. రోడ్డు మీద 35, 40 పాయింట్లున్న గాలిని 15 దాకా దించుతారు. టైరు కింద భాగం వెడల్పుగా, ముఖ్యంగా పొడవుగా నేలను కరుచుకుంటుంది. రాయి అంచును మింగేస్తుంది, ఇసుకలో దిగబడదు. పైసా ఖర్చు లేని ఈ మార్పు చేసే మేలు చాలా కిట్లు చేయవు. తిరిగి రోడ్డెక్కేముందు గాలి కొట్టుకోవడం మరిచిపోతే మాత్రం టైరు వేడెక్కి పేలుతుంది.

తర్వాత ఒకరు కిందికి దిగి ముందు నడుస్తారు. ఆయన చేతులే డ్రైవరుకు కళ్లు. ఫుల్‌సైజ్ బండిలో ఇది తప్పనిసరి, ఎందుకంటే పెద్ద బానెట్ కింద ఏ చక్రం ఎక్కడుందో సీట్లోంచి తెలియదు. ఇద్దరు ముగ్గురు కలిసి తలో సలహా అరిస్తే పని చెడుతుంది. సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. కాలిఫోర్నియాలోని రూబికాన్ ట్రైల్ లాంటి 22 మైళ్ల రాళ్లదారిలో బండలతోపాటు చెట్లు కూడా కాచుక్కూచుంటాయి. జీపు సందులోంచి జారిపోయే చోట పికప్ తొట్టి మూలను చెట్టు మొదలుకు ఇచ్చుకుంటుంది. పాతకాపులు అందుకే తొట్టి వెనక భాగాన్ని కత్తిరించి పొట్టి చేసుకుంటారు, రెక్కల వెంబడి ఇనుప గొట్టాలు బిగించుకుంటారు.

పొడవు వల్ల అన్నీ నష్టాలే అనుకుంటే అన్యాయం. నిట్టనిలువు ఎక్కుడులో పొట్టి జీపు ముక్కు తేలిపోయి వెనక్కి పల్టీ కొట్టే చోట, పొడవాటి ట్రక్కు స్థిరంగా పాకుతుంది. గుంత మీద గుంత వచ్చే ఇసుకదారిలో ఊగిసలాట తక్కువ. యూటా రాష్ట్రంలో మోవాబ్ చుట్టూ ఉన్న ఎర్రరాతి దిబ్బల మీద, చెట్ల బెడద లేని చోట, ఫుల్‌సైజ్ బండి దర్జాగా తిరుగుతుంది.

దిగబడితే మాత్రం బరువు మొహం చూపిస్తుంది. డీజిల్ ఎఫ్-250 మూడు టన్నుల పైమాట. బురద పట్టు దానికి అదనం. దాన్ని లాగడానికి తాడును టో బాల్‌కు, అంటే ట్రైలర్ తగిలించే ఇనుప గుండుకు, వేయడం కంటే పెద్ద పొరపాటు ఇంకోటి లేదు. సాగిన తాడు లాగుడుకు ఆ గుండు తెగితే ఫిరంగి గుండే. మనుషులు చనిపోయారు. చాసిస్‌కు బోల్టులతో బిగించిన కొక్కెం ఉంటేనే తాడు వేయాలి, తాడు చుట్టూ ఎవరూ నిలబడకూడదు.

నేల ఎవరిది?

అమెరికా పడమటి రాష్ట్రాల్లో లెక్కలేనన్ని ఎకరాలు ప్రభుత్వ భూమి. ఒకప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు తోలారు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వు ఇచ్చి, ప్రభుత్వ భూముల్లో ఎక్కడ బండ్లు తిరగొచ్చో ఎక్కడ కూడదో గీతలు గీయమన్నాడు. 2005లో అటవీ శాఖ ప్రతి అడవికీ బండ్ల దారుల పటం వేయాలని నియమం పెట్టింది. పటంలో లేని దారిలోకి పోతే నేరం. కొన్ని దారులు 50 అంగుళాల లోపు బండ్లకే. అక్కడ మన 80 అంగుళాల దొరకు ప్రవేశం లేదు. గీతలు గీయడానికి కారణం ఉంది. యూటా ఎడారి నేల మీద నల్లగా, గరుకుగా పరుచుకునే జీవపు పొర ఒకటుంది. గాలికి ఇసుక లేవకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క టైరు జాడ పడితే మళ్లీ కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

నేల సంగతి ఇలా ఉంటే గాలి సంగతి ఇంకోలా ఉంది. డీజిల్ పికప్‌లలో పొగను శుద్ధి చేసే పరికరాలను పీకేసి, కంప్యూటర్ మార్చి, కావాలని నల్లపొగ వదలడం కొందరికి వినోదం. అంతకుముందు పదేళ్లలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్‌లకు ఇలా చేశారని అక్కడి పర్యావరణ సంస్థ 2020లో లెక్క తేల్చింది. కొండదారికీ ఈ పనికీ సంబంధం లేదు. అడవిని ప్రేమిస్తున్నామని చెప్పే నోటితోనే దీన్ని వెనకేసుకొచ్చేవాళ్లను నేను నమ్మను.

మన దగ్గర ఈ ఆట ఇలా సాగదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకూ ఐదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. హైదరాబాద్ శివార్లలో థార్‌కు లావు టైర్లు, ఎత్తు స్ప్రింగులు వేసుకుని బురదలో దిగే కుర్రాళ్లలో చాలామందికి ఈ సంగతి చలానా చేతికొచ్చాకే తెలుస్తుంది. అమెరికాలో నియమాలు రాష్ట్రానికో రకం. బంపరు ఎత్తు ఎంత దాటకూడదు, టైరు రెక్క బయటికి రావచ్చా లేదా అని గీతలు ఉన్నాయి గానీ, గీత లోపల మనిషి ఇష్టం.

ఈమధ్య అక్కడ చాలామంది తేలిక మార్గం కనిపెట్టారు. 2007లో పొలారిస్ కంపెనీ ఆర్‌జెడ్ఆర్ అనే చిన్న బండి తెచ్చింది. వెడల్పు సరిగ్గా 50 అంగుళాలు, పటంలోని సన్నదారుల్లోకి కూడా పోతుంది. ఫుల్‌సైజ్ ట్రక్కు దాన్ని ట్రైలర్ మీద ఎక్కించుకుని కొండ మొదలు దాకా లాక్కెళ్తుంది, పార్కింగులో ఆగిపోతుంది. యజమాని చిన్నదెక్కి పైకి పోతాడు. ట్రక్కు తన అసలు పని తాను చేసినట్టే.

ఇంకా ట్రక్కునే దారిలోకి దించే మొండివాళ్ల కింద తరచుగా కనిపించేది 1970లు, 80ల నాటి షెవర్లేలు, ఫోర్డులు, డాడ్జిలు. దానికి పెద్ద రహస్యం ఏమీ లేదు. ఆ బండి తలుపు చెట్టుకు కొట్టుకుని చొట్టపడితే జంక్‌యార్డులో ఇంకో తలుపు దొరుకుతుంది, రంగు కలవకపోయినా ఎవరికీ పట్టింపు లేదు. కొత్త రాప్టర్ తలుపు అల్యూమినియం, దాని మీద బ్యాంకు వాయిదాలు ఇంకా నడుస్తుంటాయి.